కష్టం మీద కష్టం వచ్చినప్పుడు దేవుణ్ణి నమ్మి నిమ్మళంగా ఉండటం: ఏది ముందు, ఏది తర్వాత

"ప్రార్థన చెయ్యండి, దేవుడు చూసుకుంటాడు" అని అందరూ చెబుతారు. ఎలాగో మాత్రం చెప్పరు. ఒకపక్క అప్పులవాళ్ళ ఫోన్లు, ఇంకోపక్క ఇంట్లో జబ్బుమనిషి, పైగా నిద్రలేని రాత్రులు. ఇంత టెన్షన్‌లో ఉన్నవాళ్ళను నిమ్మళంగా నమ్ముకోమంటే వాళ్ళు కూర్చోవాలా, లేచి పరిగెత్తాలా, ఏడవాలా, ఏడుపు దిగమింగాలా? చాలామంది ఇదే అడుగుతున్నారు కాబట్టి వరుసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. చాలామంది నేరుగా మౌనంతో మొదలుపెడతారు. అందుకే మౌనం కుదరదు. లోపల ఉన్నది బయటపడకుండా నోరు మూసుకుంటే అది నమ్మకం అనిపించుకోదు, బిగపట్టుకోవడం అవుతుంది. ముందు కుమ్మరించాలి, తర్వాత ఊరుకోవాలి, ఆ తర్వాత లేచి చేతిలో ఉన్న పని చూసుకోవాలి.

ఈ వరుస హన్నా కథలో కనిపిస్తుంది (1 సమూయేలు 1). పిల్లలు లేరని తిండి మానేసి ఏడ్చిన మనిషి. గుడిలో ఆమె పెదవులు కదలడం చూసి యాజకుడైన ఏలీ తాగి వచ్చిందనుకున్నాడు. "నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకొనుచున్నాను" అని ఆమె జవాబిచ్చింది. తర్వాత వెళ్ళి భోజనం చేసింది, ముఖంలో దుఃఖం పోయింది. అప్పటికి ఆమెకు గర్భం రాలేదు. పరిస్థితిలో వెంట్రుకవాసి మార్పు లేదు. మనం నేర్చుకోవలసింది ఆ మధ్యలో జరిగినదాన్ని.

1. ముందు ఒంటి సంగతి చూసుకోండి

ప్రవక్త ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు (1 రాజులు 19). దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. లేచి తినమన్నాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకుంటే రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. దేవుడు అతనితో మాట్లాడిన కొండ దగ్గరికి అతను వెళ్ళింది ఆ తర్వాతే.

అలసిపోయి ఉన్నప్పుడు చిన్న భయం కూడా కొండంత కనబడుతుంది. అందుకే ప్రార్థనకు కూర్చునే ముందు ఇవి చూసుకోండి:

- ఈ పూట ఏమైనా తిన్నారా? లేకపోతే ముందు తినండి. ఉపవాసం చేసే రోజులు వేరు.
- నిన్న రాత్రి ఎంతసేపు పడుకున్నారు? అసలు నిద్ర లేకపోతే ఒక గంట పడుకుని తర్వాత కూర్చోండి.
- రోజూ వేసుకునే మందులు వేసుకున్నారా?
- మీకో, ఇంట్లో ఎవరికో ఇప్పటికిప్పుడు ప్రాణాపాయం ఉందా? ఉంటే దీన్ని పక్కన పెట్టి సహాయానికి ఫోన్ చేయండి.
- రాజీనామా, ఆస్తి అమ్మకం, తెగదెంపులు లాంటి పెద్ద నిర్ణయం ఏదైనా ఈ రాత్రే తీసుకోబోతున్నారా? రేపటికి వాయిదా వేయండి.

2. చోటు, సమయం, కాగితం

దీనికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. తలుపు వేసుకునే గది లేకపోతే మేడ మెట్లయినా సరే. రోజూ ఒకే వేళ, ఇరవై నిమిషాలు. ఒక కాగితం, ఒక పెన్ను, అచ్చులో ఉన్న బైబిల్. ఫోన్లో బైబిల్ తెరిస్తే ఆ పైన వచ్చే మెసేజ్ కూడా తెరుస్తాం కదా! ఫోన్ వేరే గదిలో ఉండాలి.

3. కష్టానికి పేరు పెట్టి చెప్పండి

ఈ అడుగులో తొందరపడకండి. మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి.

"ప్రభువా, నా సమస్యలన్నీ తీర్చు" అని ప్రార్థిస్తే మనసు తేలికపడదు, ఎందుకంటే ఏం అప్పగించామో మనకే తెలియదు. అష్షూరు రాజు సన్హెరీబు బెదిరిస్తూ పంపిన ఉత్తరాన్ని యూదా రాజు హిజ్కియా మందిరానికి తీసుకెళ్ళి యెహోవా ముందు విప్పి పరిచాడు (2 రాజులు 19:14). సారాంశం చెప్పి ఊరుకోలేదు, ఆ కాగితాన్నే పెట్టాడు. మీ దగ్గర కూడా అలాంటి కాగితం ఒకటి ఉండే ఉంటుంది: స్కాన్ రిపోర్టు, బ్యాంకు నోటీసు, కోర్టు సమన్లు. దాన్ని ముందు పెట్టుకునే కూర్చోండి.

ఇక రాయండి. ప్రార్థన భాషలో రాయనక్కర్లేదు, ఇంట్లో మాట్లాడే భాష చాలు. ఒక ఉదాహరణ:

"సోమవారం రిపోర్టు వస్తుంది. గడ్డ మంచిది కాదంటారేమోనని భయంగా ఉంది. పిల్లలకు ఏం చెప్పాలో తెలియడం లేదు. సెలవులు అయిపోయాయి. మా అన్న ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. నీ మీద కూడా కోపంగా ఉంది ప్రభువా, అమ్మ కోసం అంత ప్రార్థన చేస్తే నువ్వు వినలేదు."

చివరి వాక్యం రాసి కొట్టేయబోతారు. కొట్టేయకండి, అసలు బరువు అక్కడే ఉంది. 13వ కీర్తన మొదటి రెండు వచనాలూ దేవుణ్ణి నిలదీసే ప్రశ్నలే. 88వ కీర్తన అయితే చీకటి మాటతోనే ముగుస్తుంది, ఓదార్పు వాక్యం ఒక్కటీ అతికించకుండా. అవి ప్రార్థనలుగా బైబిల్లో చోటు చేసుకున్నప్పుడు మీ కాగితానికి ఏం దోషం?

రాయడానికి మాటే రాకపోతే తేదీ వేసి "ఈ రోజు మాట రావడం లేదు" అని రాయండి. ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆత్మ మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26 చెబుతోంది. మూలుగు కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

రాసింది ఒకసారి పైకి చదవండి. అక్కడితో ఆపండి. అదే పూట పదిసార్లు తిరగేస్తే అది ఆమేన్ తగిలించిన చింతే అవుతుంది. మరుసటి రోజు అదే అడగడంలో తప్పు లేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా మూడుసార్లు అదే ప్రార్థన చేశాడు.

4. కాగితం మధ్యలో గీత గీయండి

రెండో కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క "నేను చేయగలిగినవి", కుడి పక్క "దేవుని చేతిలోనే ఉన్నవి". రాసుకున్న ఒక్కో మాటనూ ఏదో ఒక పక్కకు పంపండి.

పై ఉదాహరణలో ఎడమ పక్కకు వచ్చేవి: డాక్టరును అడగవలసిన ప్రశ్నలు రాసుకోవడం, సెలవు పొడిగించమని ఆఫీసులో అడగడం, పెద్దపిల్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం, అన్నకు నేనే ఫోన్ చేయడం.

కుడి పక్కకు వెళ్ళేవి: రిపోర్టులో ఏముంటుంది, ఆఫీసు ఒప్పుకుంటుందా, పిల్ల ఎలా తీసుకుంటుంది, అన్న మనసు మారుతుందా, అమ్మ విషయంలో దేవుడు ఎందుకలా చేశాడు.

ఎటు పెట్టాలో తేలకపోతే ఈ ప్రశ్న వేసుకోండి: రేపు సాయంత్రంలోగా నా కాళ్ళతో, చేతులతో, నోటితో చేయగలిగిన పనేనా? అవునంటే ఎడమ, లేదంటే కుడి.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, ఎదుటివాళ్ళ మనసుల్ని ఎడమ పక్క రాసుకోవడం. "భర్తను మార్చాలి", "కొడుకును దారిలోకి తేవాలి". ఫోన్ చేయడం మీ పని. ఎత్తడం, కరగడం మీ పని కాదు. రెండో తప్పు దీనికి తిరగబడింది: అప్పు ఇచ్చినవాడితో మాట్లాడవలసిన మాటను "దేవునికి అప్పగించాను" అంటూ కుడి పక్కకు తోసేయడం. యెరూషలేము గోడ కట్టిస్తుంటే శత్రువులు బెదిరించినప్పుడు నెహెమ్యా ప్రార్థనా చేశాడు, రాత్రింబగళ్ళు కావలీ పెట్టాడు (నెహెమ్యా 4:9).

5. ఇప్పుడు ఊరకుండండి

కుడి వరుస మీద చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ చదువుతూ "ఇది నీది ప్రభువా" అనండి. పెద్ద మాటలేం వద్దు. మొదలు పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. గంటసేపు కూర్చోవాలని పట్టుబడితే మూడో రోజుకే మానేస్తారు.

ఒక వచనం దగ్గర ఉంచుకోండి. దేవుడు ఎలాంటివాడో చెప్పే వచనమైతే ఇలాంటప్పుడు ఎక్కువ నిలబెడుతుంది:

- "దేవుడు మనకు ఆశ్రయమును దుర్గమునై యున్నాడు" (కీర్తన 46:1)
- "నా ప్రాణము దేవుని నమ్ముకొని మౌనముగా ఉన్నది" (కీర్తన 62:1)
- "ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" (1 పేతురు 5:7)
- మొత్తం 131వ కీర్తన. మూడే వచనాలు.

మీ గురించి నావి మేలు చేసే ఆలోచనలే అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 అందరికీ ఇష్టమే. దాని పై వచనం కూడా చదివి తీసుకోండి. బబులోనుకు చెరగా వెళ్ళిన జనం డెబ్బై ఏళ్ళు గడిచాకే తిరిగి వస్తారన్న మాట అక్కడ ఉంది. ఆ మాట మొదట విన్నవాళ్ళలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని దేవుడు వాళ్ళకు పంపించిన అదే ఉత్తరంలో చెప్పాడు. వచ్చే వారం సంగతి తేలిపోతుందన్న హామీగా దాన్ని పట్టుకుంటే వారం గడిచాక మనసు విరుగుతుంది.

మనసు తిరుగుతుంది, రిపోర్టు దగ్గరికి పోతుంది. పోయిందని తెలిసిన క్షణాన తిట్టుకోకుండా వచనంలోని మొదటి మాటకు తిరిగి రండి. ఐదు నిమిషాల్లో ఇరవైసార్లు అలా వెనక్కి వచ్చినా ఆ ఐదు నిమిషాలు వృథా పోలేదు. హాయిగా అనిపించాలన్న నియమం ఏమీ లేదు. చాలా రోజులు ఏమీ అనిపించదు.

6. లేచి ఒక్క పని చేయండి

ఐగుప్తు సైన్యం వెంటపడినప్పుడు ఎర్రసముద్రం దగ్గర "యెహోవా మీ పక్షమున యుద్ధము చేయును, మీరు ఊరకయే యుండవలెను" అన్న మాట నిర్గమకాండము 14:14లో ఉంది. అది అందరికీ కంఠస్థమే. వెంటనే వచ్చే వచనం మాత్రం గుర్తుండదు. నాకేల మొరపెడుతున్నావని దేవుడు మోషేను అడిగి, సాగిపొమ్మని ప్రజలతో చెప్పమన్నాడు.

కాబట్టి ఎడమ వరుసలోంచి ఒక్కటి ఎంచుకుని ఆ రోజే చేయండి. అన్నిటికన్నా చిన్నది తీసుకున్నా పరవాలేదు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం ఈ విషయంలో చదవదగ్గది. పద్నాలుగు రోజుల తుఫాను, ఖైదీగా వెళ్తున్న అపొస్తలుడు పౌలుతో కలిపి ఓడలో 276 మంది. ఎవరి ప్రాణానికీ హాని లేదని పౌలుకు దేవుని మాట ముందే అందింది. అయినా ఓడవాళ్ళు పడవలో పారిపోబోతుంటే కాపలా సైనికుల అధికారి అయిన శతాధిపతికి చెప్పి ఆపించాడు. తెల్లవారుతుండగా అందరినీ తినమని బతిమాలి, తానే రొట్టె పట్టుకుని కృతజ్ఞతలు చెప్పి తినడం మొదలుపెట్టాడు. తర్వాత వాళ్ళు గోధుమలు సముద్రంలో పారబోసి ఓడను తేలిక చేశారు. వాగ్దానం ఉందని ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు.

7. ఎవరికి చెప్పాలి, ఎవరికి వద్దు

గెత్సేమనేలో యేసు తన దుఃఖాన్ని అందరి ముందూ పెట్టలేదు. శిష్యుల్లో ముగ్గుర్ని దగ్గరకు తీసుకుని, ప్రాణం పోయేంత దుఃఖంగా ఉందని వాళ్ళకే చెప్పాడు. వాళ్ళు నిద్రపోయారు, అది వేరే సంగతి. మీరూ ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు చూడవలసినవి:

- విన్నది వేరే చోట "ప్రార్థన అంశం"గా చెప్పని మనిషేనా?
- మీరు ఏడిస్తే కంగారుపడకుండా కూర్చోగలరా?
- మీరు తప్పుదారిలో వెళ్తుంటే మొహం మీదే చెప్పగలరా?

వాళ్ళను సూటిగా అడగండి: "నాకిప్పుడు సలహా వద్దు. ఒక పావుగంట విని, నాతోపాటు ప్రార్థన చేస్తే చాలు." పిల్లలూ ఆస్తీ ఆరోగ్యమూ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా అతని పక్కన కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాక పాడుచేశారు.

మిగతావాళ్ళకు ఒక్క వాక్యం సిద్ధంగా పెట్టుకోండి: "కొంచెం కష్టంగా ఉంది, మా కోసం ప్రార్థన చేయండి." ఎంత గుచ్చి అడిగినా అదే వాక్యం. రెచ్చగొట్టేవాళ్ళకు అదీ అక్కర్లేదు. సన్హెరీబు సేవకుడు ప్రాకారం కింద నిలబడి అరిచినప్పుడు జనం ఒక్క మాట కూడా జవాబివ్వలేదు. తమ రాజు హిజ్కియా వద్దన్నాడు (2 రాజులు 18:36).

8. అర్ధరాత్రి మెలకువ వస్తే

అన్నీ పగటిపూట సర్దుకున్నట్టే ఉండి, రెండింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుంది. అప్పుడు చేయవలసినవి కొన్నే:

- లైటు, ఫోన్ వద్దు. రోగం పేరు కొట్టి వెతకడం అసలే వద్దు.
- మంచం పక్కన చీటీ ఉంచుకుని, వచ్చిన ఆలోచనను ఒక్క ముక్కలో రాసి, పొద్దున చూద్దామని వదిలేయండి.
- కీర్తన 4:8లోని "నెమ్మదితో పండుకొని నిద్రపోవుదును" అన్న మాటను ఊపిరితోపాటు మెల్లగా అనుకోండి.
- అరగంటకూ నిద్ర పట్టకపోతే లేచి వేరే చోట కూర్చోండి. నిద్ర కోసం పోట్లాడితే అది ఇంకా దూరం పోతుంది.

9. తరచూ జరిగే తప్పులు, వాటికి సవరణలు

ఏడుపు వస్తే విశ్వాసం పోయిందనుకోవడం. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసిన యేసే సమాధి దగ్గరికి వెళ్ళేముందు కన్నీళ్ళు విడిచాడు. ఏడవండి, తర్వాత ముఖం కడుక్కుని నాలుగో అడుగుకు రండి.

భయంలో మొక్కుకోవడం. "ఇది తీరిస్తే అది చేస్తాను" అన్న బేరం. మొక్కి చెల్లించకపోవడం కన్నా మొక్కకపోవడమే మేలని ప్రసంగి 5:5 చెబుతోంది. నోటిదాకా వస్తే వారం ఆగి, మనసు కుదుటపడ్డాక ఆలోచించండి.

దేవునికి గడువు పెట్టడం. రాజైన సౌలు ప్రవక్త సమూయేలు కోసం ఏడు రోజులు ఆగాడు. సమూయేలు ఇంకా రాలేదు, జనం చెదిరిపోతున్నారు, ఇక ఆగలేక దహనబలి తానే అర్పించేశాడు. అర్పించడం ముగిసీ ముగియగానే సమూయేలు వచ్చాడు (1 సమూయేలు 13). "ఫలానా తేదీలోగా జరగకపోతే" అన్న వాక్యం మీ కాగితంలో ఉంటే దాన్ని "ఆ తేదీ దాటితే నాకు భయం" అని మార్చి రాయండి. మొదటిది హెచ్చరిక, రెండోది ప్రార్థన.

నమ్మకం పేరుతో మందులు ఆపేయడం. ఇది ప్రాణం మీదికి తెస్తుంది. హిజ్కియా జబ్బుపడ్డప్పుడు బాగవుతాడని, ఇంకో పదిహేనేళ్ళు బతుకుతాడని దేవుడే చెప్పాడు. ఆ మాట వచ్చాక కూడా ప్రవక్త యెషయా అంజూరపుపండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20:7). మందు మార్చాలన్నా, ఆపాలన్నా డాక్టరుతో మాట్లాడాకే. ఎవరు ప్రార్థన చేసి చెప్పినా సరే.

హింసను మౌనంగా భరించడం. ఈ మార్గదర్శిలో చెప్పిన నిమ్మళానికి దానితో సంబంధం లేదు. ఇంట్లో కొడుతున్నారంటే, పిల్లలకు హాని జరుగుతోందంటే, ఎవరైనా మిమ్మల్ని వాడుకుంటున్నారంటే బయటికి రండి, చెప్పండి, చట్టం సహాయం తీసుకోండి. సౌలు ఈటె విసిరితే దావీదు తప్పుకున్నాడు, పారిపోయాడు. కొరడాలతో కొట్టబోతుంటే పౌలు తన రోమా పౌరసత్వం గుర్తుచేశాడు, తర్వాత కైసరు ఎదుట విచారణ కోరాడు. "సహించు సహోదరీ" అని వెనక్కి పంపేవాళ్ళ మాట వినకండి.

దేవుడు మేలు చేశాడని నలుగురిలో సాక్ష్యం ముందే చెప్పేయడం. ఇంకా తేలని విషయాన్ని తేలిపోయిందని ప్రకటిస్తే, తర్వాత దాన్ని కాపాడుకోవడం ఇంకో భారమవుతుంది. ఆగండి.

10. వారానికొకసారి చూసుకోండి

వారం చివర కాగితాలన్నీ ముందేసుకోండి. సమస్య తీరిందా అని చూడకండి. ఈ ప్రశ్నలు వేసుకోండి:

- ఈ వారం తిండి, నిద్ర పోయిన వారం కన్నా మెరుగా, అధ్వానమా?
- ఎడమ వరుసలో ఎన్ని పనులు చేశాను? ఏది తప్పించుకుంటున్నాను?
- కుడి వరుసలోంచి దేన్ని మళ్ళీ మళ్ళీ లాక్కుంటున్నాను?
- ఇంట్లోవాళ్ళ మీద నా విసుగు తగ్గిందా? ఇది మీకు మీరు చెప్పుకునేది కాదు, వాళ్ళను అడగండి.

రెండు వారాలైనా తిండి సయించక, నిద్ర పట్టక, రోజువారీ పనులు సాగకపోతే డాక్టరును కలవండి. దానికీ విశ్వాసానికీ గొడవ లేదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే వారం దాకా ఆగకండి. ఆ గంటలోనే ఒక మనిషికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి, మీ దేశంలోని అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. బతుకుతామన్న నమ్మకమే లేనంతగా కుంగిపోయామని పౌలే రాశాడు (2 కొరింథీయులకు 1:8). అలాంటి ఘడియ విశ్వాసికి రాకూడదని ఎక్కడా లేదు.

జవాబు "లేదు" అని వస్తే? పౌలు తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు ఉండిపోయింది, "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. అలాంటి వారంలో మూడో అడుగుకు ఎక్కువ రోజులు ఇవ్వండి. దుఃఖం దాని సమయం అది తీసుకుంటుంది. ఐదో అడుగు కొన్నాళ్ళు కుదరకపోయినా కంగారుపడకండి. కాగితం పట్టుకోవడం కూడా భారమైతే మీరు ఎంచుకున్న ఆ ఇద్దరు ముగ్గుర్ని మీ బదులు ప్రార్థన చేయమనండి.

పాత కాగితాలు చింపేయకుండా తేదీలు వేసి ఒక కవరులో పెట్టండి. కుడి వరుసలోది ఏదైనా తేలిపోతే, అంటే రిపోర్టు చేతికొచ్చి చికిత్స మొదలైతే, పాత కాగితంలోనే దిద్దకండి. కొత్త కాగితం తీసుకుని మళ్ళీ గీత గీయండి. అప్పటికి ఎడమ పక్క పనులు మారిపోయి ఉంటాయి.